పొట్టేలు బండికి సాక

మెసేజ్ వచ్చినప్పుడు ఐలేష్ బండి కింద పడుకొని ఉన్నాడు. నాకు అతని కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఫోన్ నా ఒళ్లో ఉంది. గ్రీజు చేతులతో ఫోన్ ముట్టుకోవద్దని పెళ్లయిన మూడో రోజే ఒప్పందం చేసుకున్నాం. షెడ్డులో ఉన్నంతసేపూ అతని ఫోన్ చూసే పని నాదే.

“ఏమొచ్చింది?” అంది బండి కింది గొంతు.

“క్లబ్బోళ్లది.”

కాళ్లు కదలడం ఆగిపోయాయి.

“చదువు.”

చదివాను. పాత అమెరికన్ కార్లను బాగుచేసుకొని నడుపుకునేవాళ్లకు నగరంలో ఒక క్లబ్ ఉంది. ఏడాదికి ఒకే ఒక్క కొత్త బండిని చేర్చుకుంటారు. ఈసారి మా 1954 డాడ్జ్‌ను పరిశీలనకు పిలిచారు. ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు వాళ్ల మైదానంలో ఉండాలి. షరతు ఒకటే. బండి పుట్టినప్పటి ఇంజిన్‌తోనే, తన చక్రాల మీదే నడిచి రావాలి. లారీ మీద ఎక్కించుకొస్తే చూడరు. డీజిల్ ఇంజిన్ పెట్టి తెస్తే అసలే చూడరు.

ధన్‌మని చప్పుడైంది. ఐలేష్ లేవబోయి నుదురు పైపుకు కొట్టుకున్నాడు. నల్లటి చార వేసుకొని బయటికొచ్చి నన్ను చూసి నవ్వాడు. మా పెళ్లయి అప్పటికి నలభై ఒక్క రోజు. ఆ నవ్వుకు నేనింకా అలవాటు పడలేదు.

“మల్ల ఒకసారి చదువు.”

“ఇప్పుడే చదివిన గద బావా.”

“సొంత ఇంజిన్ అన్న కాడ చదువు.”

చదివాను. ఆ మాట దగ్గర అతను కళ్లు మూసుకున్నాడు. అది సోమవారం మధ్యాహ్నం. ఆరు రోజులున్నాయని ఇద్దరం వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాం.

ఎనిమిదేళ్ల కింద యాచారం దగ్గర ఒక కోళ్లఫారంలో ఈ బండి దొరికింది. వెనక సీటులో కోళ్లు గుడ్లు పెడుతుండేవట. ఐలేష్ అప్పుడే సాగర్ రోడ్డులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో చేరాడు. సెలవు దొరికినప్పుడల్లా దాని దగ్గరే, ఇప్పుడు ఎండాకాలం సెలవుల్లో కూడా. తుప్పు గోకాడు, రేకులు అతికాడు, సీట్లు కుట్టించాడు. ఇంజిన్ ఊపిరి పోసుకొని ఏడాది కూడా కాలేదు. పెళ్లిచూపులకు మీర్‌పేట్‌లోని మా ఇంటికొచ్చి, చాయ్ మీద మీగడ కట్టేదాకా ఈ బండి సంగతే చెప్పాడు. “పిలగాడు మంచోడే గని జర పిచ్చి ఉన్నట్టుంది” అన్నాడు మా నాన్న. నేను పక్క గదిలో నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

వచ్చి చూశాక నాకూ ఆ పిచ్చి పట్టింది. ఎడమ వైపు చక్రాల బోల్టులు లోకంలోని బోల్టులన్నిటికీ ఎదురు తిరుగుతాయి. తెలియని పంచర్ షాపతను వాటిని విప్పబోతే ఇంకా బిగుసుకుంటాయి. గేర్ కర్ర కింద ఉండదు, స్టీరింగ్ పక్కనే చెంచాలా వేలాడుతుంది. అన్నిటికంటే నాకు నచ్చింది బానెట్ కొసన ఉన్న పొట్టేలు బొమ్మ. మెలి తిరిగిన కొమ్ములు, దూకబోతున్న తల. రోజూ పొద్దున దానికి మెత్తని గుడ్డతో మొహం తుడవడం నా పని. మా అత్తమ్మ నర్సింహమ్మకు డాడ్జ్ అనే మాట నోరు తిరగదు. ఆమెకు అది పొట్టేలు బండి. క్రమంగా వాడకట్టు మొత్తానికీ అదే పేరయింది.

కబురు విని సాయంత్రం పాషా చాచా వచ్చాడు. ఐలేష్‌కు ఈ పనంతా నేర్పింది ఆయనే. సాగర్ డ్యాం కట్టే రోజుల్లో వాళ్ల నాన్న అమెరికా లారీలు నడిపాడట, చాచా ఆ లారీల మధ్యే పెరిగాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. కళ్లల్లో పొర కమ్మింది కానీ చెవులు బాగా పనిచేస్తాయి. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన నడుస్తున్న ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, దవాఖానలో డాక్టర్‌లాగా విన్నాడు.

“ముందటి సిలిండర్లు మంచిగున్నయ్. ఎనకది, ఆరోది, జర దమ్ము పడుతున్నది.”

“ఎందుకు చాచా?”

“లోపల ఒక రేకు గొట్టం ఉంటది. ఎనక సిలిండర్ల దాంక సల్లటి నీళ్లు మోస్కపోయేది గదే. డెబ్బై ఏండ్ల గొట్టం. తుప్పు తిన్నదేమో. తీసి చూస్తె ఎరుకైతది.”

“తీస్తె ఎన్ని రోజులు?”

“వారం పైన్నే. చెయ్యి పెడితె విరుగుతది, విరిగితె ముక్క ముక్క గుంజాలె.”

వారం లేదు మా దగ్గర. చాచా స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

“సిటీ దాంక పోతది తియ్యి. పొద్దుగాల్ల సల్లబూట పోవాలె. ఒకటి యాదుంచుకో. వేడెక్కితె బందు చెయ్యి, గంట ఆగు. వేడి మీద సల్లటి నీళ్లు మాత్రం పొయ్యొద్దు. పోస్తె కథ ఖతం.”

నేను చాయ్ గ్లాసులు పట్టుకొని అక్కడే ఉన్నాను. ఆ మాట విన్నాను. విని, చాచా మీసానికి అంటుకున్న మీగడ చూసి నవ్వుకున్నాను.

మంగళవారం పొద్దున అత్తమ్మ పట్టుబట్టింది. “గంత దూరం పోయే బండిని కట్ట మైసమ్మకు చూపియ్యకుండ ఎట్ల తీస్కపోతవురా?”

“అవ్వా, వచ్చినంక పోదం.”

“వచ్చినంక మొక్కు తీర్సుతరు. పోయేముందు మొక్కుతరు. గిది గూడ నేనే చెప్పాల్నా?”

ఐలేష్ నా వైపు చూశాడు. కొంచెం సాయం చెయ్యమన్నట్టు. నేను అత్తమ్మ వైపు చేరాను. ఎందుకంటే నేనింతవరకు ఆ బండిలో వీధి మలుపు దాటి పోలేదు. చెరువు కట్ట మీద, కొత్త చీరలో, కిటికీ అద్దం దించుకొని కూర్చోవాలని నలభై రోజులుగా ఉంది.

పోయాం. అత్తమ్మ వెనక సీటు మధ్యలో, మోకాళ్ల నడుమ చెంబు పెట్టుకొని కూర్చుంది. చెంబులో సాక. పసుపు నీళ్లలో వేపాకులు వేసి అమ్మవారి ముందు ధార పోస్తారు, అదే సాక. పొద్దున్నే బోరు నీళ్లతో కలిపి నీడన పెట్టింది. చల్లగా ఉంది. బస్టాండు ముందు బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడు, ఐలేష్ కూడా కొట్టాడు. డాడ్జ్ హారన్ బర్రె అరిచినట్టుంటుంది. బైకుల మీద పోయేవాళ్లు వెనక్కి తిరిగి వీడియో తీసుకున్నారు. కట్ట మీద గాలికి నా కొంగు కిటికీలోంచి ఎగిరింది. “లోపల పెట్టు, చక్రానికి చుట్టుకుంటది” అన్నాడు ఐలేష్. కానీ నేనేగా చూస్తున్నాను, అతను కూడా నవ్వుతున్నాడు.

గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం, కొబ్బరికాయ కొట్టాం. అత్తమ్మ సాక ధార పోస్తూ బండి చుట్టూ తిరిగింది. ముసలాయన ఒకడు పొట్టేలు బొమ్మను చూసి, “మైసమ్మ కాడికి పొట్టేలును తెచ్చి కోయకుండ మలిపి తీస్కపోతరా ఏంది?” అన్నాడు. అందరూ నవ్వారు. అత్తమ్మ ఒక్కతే నవ్వలేదు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఐలేష్ ఇంజిన్ ఆపలేదు. చుట్టూ జనం చేరారు. అది ఎలా ఆడుతుందో వాళ్లు వినాలని అతని ఆశ. ఎండ ఎక్కింది. కాసేపటికి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

అతను చప్పున ఆపి, బానెట్ ఎత్తి, గుడ్డతో పట్టుకొని రేడియేటర్ మూత తీశాడు. నీళ్లు పొంగి నేల మీద పడ్డాయి.

“ఏం కాదు,” అన్నాడు. “గంట ఆగుదం. నేను చాయ్ పట్టుకొస్త.”

అతను రోడ్డు దాటి వెళ్లాడు. నేను, అత్తమ్మ బండి నీడన నిలబడ్డాం. చెంబులో సగానికి పైగా సాక మిగిలింది.

“సాక మిగిలితె ఇంటికి మలపొద్దు బిడ్డా,” అంది అత్తమ్మ. “అమ్మ కాడ్నే ఒడగొట్టాలె. బండికే పొయ్యి. పాపం, కడుపుల మంట మీదున్నది, సల్లబడుతది.”

నేను బీఎస్సీ ఫిజిక్స్. వేడి గాజు గ్లాసులో చల్లటి నీళ్లు పోస్తే ఎందుకు పగులుతుందో ఐదు మార్కులకు బొమ్మ గీసి రాశాను. ముందురోజు చాచా చెప్పింది కూడా విన్నాను. ఆ నిమిషం నాకేదీ గుర్తు రాలేదు. ఆ బండికి నా చేత్తో ఏదైనా చేయాలని అనిపించింది, అంతే. చెంబు అందుకొని, పసుపు నీళ్లు రేడియేటర్ నోట్లో మెల్లగా, ముద్దుగా, చంటిపిల్లకు పట్టినట్టు పోశాను. చెంబు ఖాళీ అయింది.

లోపలెక్కడో టిక్ అంది. గాజుకు గాజు తగిలినంత చిన్న చప్పుడు.

“సల్లబడ్డది,” అంది అత్తమ్మ తృప్తిగా.

ఐలేష్ మూడు చాయ్‌లు తెచ్చాడు. తాగాం. గంట ఆగాం. బండి స్టార్టయింది కానీ ఒంటికాలి మీద గెంతినట్టు కొట్టుకుంది. వెనక తెల్లటి పొగ. ఇల్లు చేరేదాకా నడిచేవాళ్ల కన్నా మెల్లగా వచ్చాం. దారంతా ఐలేష్ ఒక చెవి ముందుకు పెట్టి వింటూనే ఉన్నాడు. నేను నోరు విప్పలేదు. అప్పటికి నాకు ఐదు మార్కుల ప్రశ్న గుర్తొచ్చింది.

బుధవారం పాషా చాచా వచ్చి రేడియేటర్ మూత తీశాడు. మూతి దగ్గర వేలు పెట్టి తడిమి, ఏదో బయటికి తీసి కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

“గిదేంది? వేపాకా?”

కింది పైపు విప్పితే పసుపు నీళ్లు ధారగా బకెట్‌లోకి పడ్డాయి. ఐలేష్ బకెట్ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

“నేనే పోసిన,” అన్నాను.

“నేనే పొయ్యమన్న,” అంది అత్తమ్మ గడప దగ్గర్నుంచి.

“ఎంత పోసినవ్?”

“చెంబుల ఉన్నదంత.”

అతను తలూపాడు. కోప్పడితే బాగుండేది. చెయ్యి చాపి స్పానర్ ఇమ్మన్నాడు, ఇచ్చాను. మళ్లీ చెయ్యి చాపాడు. నేను తప్పుది ఇచ్చాను. అతనే వంగి సరైనది తీసుకున్నాడు.

ఇంజిన్ పై మూత విప్పేసరికి మధ్యాహ్నం దాటింది. చాచా వెనక సిలిండర్ దగ్గర కిరసనాయిలు గుడ్డతో రుద్ది, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. నేల మీద ముగ్గు చల్లినట్టు తెల్లగా పరుచుకుంది.

“ఇప్పుడు చూస్తుండాలె. పగులు ఉంటె కిరసనాయిలు అండ్లకెల్లి ఊరొస్తది, సుద్ద మీద గీత పడ్తది. నా కండ్లకు ఆనది. బేటీ, నువ్వు జూడు.”

“నేనా?”

“నీ కండ్లే మంచిగున్నయ్.”

వంగి చూశాను. ఇంత చిన్న కిటుకుతో ఇనుము లోపలి రహస్యం బయటికొస్తుందా అని, ఆ స్థితిలో కూడా నాకు ముచ్చటేసింది. అలా ముచ్చటపడ్డందుకు మరుక్షణమే సిగ్గేసింది. రెండు నిమిషాలు తెల్లగానే ఉంది. రాదేమో అనుకున్నాను. మైసమ్మ తల్లీ, రానీయకు అనుకున్నాను. అప్పుడు వాల్వు కూర్చునే అంచు నుంచి వెంట్రుకంత సన్నని తడి గీత మొదలై, మెల్లగా సిలిండర్ గోడ దాకా పాకింది.

“వచ్చింది,” అన్నాను.

“ఎంత పొడుగు?”

“నా చిటికెన వేలంత.”

చాచా కింద కూర్చున్నాడు. ఐలేష్ ముందు నుంచి నీళ్ల పంపు విప్పి, లోపలి రేకు గొట్టాన్ని కొక్కెంతో లాగాడు. గొట్టం రాలేదు, గోధుమ రంగు పొట్టు వచ్చింది. గుప్పెడు.

నాకు ఆశ పుట్టింది. “చాచా, అయితె గొట్టం ముందే పోయింది గదా? నీళ్లు పొయ్యకపోయినా పగిలేదేనా?”

ఆయన నా మొహంలోకి చూశాడు. ఓదార్పు కోసమే అడిగానని తెలిసింది ఆయనకు.

“పగిలేదే బేటీ. ఈ ఎండకాలంల కాకుంటె మల్ల ఎండకాలంల.” పొట్టును చేతిలోంచి దులిపాడు. “కాని ఆదివారం దాంక ఆగేది.”

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్తమ్మ కంచం జరిపేసింది. “పొట్టేలును చూపిచ్చి మలుపుకొచ్చినం. అమ్మకు కోపమొచ్చింది.”

“అమ్మకు ఏం కోపం రాలే అవ్వా. తిను,” అన్నాడు ఐలేష్. నా వైపు చూడకుండానే అన్నాడు, “సింధు ఫిజిక్స్ చదివింది గదా. ఆమెను అడుగు.”

ఐదు రోజుల్లో అతనన్న కటువు మాట అదొక్కటే. నేను గోంగూర పచ్చడి కలుపుకుంటూ ఉండిపోయాను. పచ్చడి బాగుంది. ఆ మాట అబద్ధం కాదు కాబట్టి మింగేశాను.

ఇంజిన్ దిమ్మె, అంటే బ్లాకు, ఇంకొకటి దొరుకుతుందేమోనని ఐలేష్ చెప్తుంటే పాత కార్లవాళ్ల వాట్సాప్ గ్రూపులో నేను మెసేజ్ రాసి పెట్టాను. ఇరవై మంది ఏడుపు మొహాలు పెట్టారు. ఒకాయన మాత్రం, తన దగ్గర సరిగ్గా అలాంటిదే ఉందని రాశాడు. ఇద్దరం ఎగిరి నిలబడ్డాం. అరగంట తర్వాత ఫొటో పంపాడు. ఆ దిమ్మె పక్కన చెయ్యి పట్టేంత కన్నం. ‘జ్ఞాపకంగా ఉంచుకున్నాను’ అని కింద రాశాడు. ఐలేష్ నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వామో తెలీదు, నవ్వుతూనే ఉన్నాం, అత్తమ్మ వచ్చి ఏమైందని అడిగేదాకా.

గురువారం జల్‌పల్లి నుంచి మొయిజ్ వచ్చాడు. పోత ఇనుముకు పడ్డ పగుళ్లు కుట్టడంలో అతని చేతికి పేరుంది. వెల్డింగ్ చెయ్యడు. పగులు వెంట వరసగా కన్నాలు వేసి, ఒక్కో కన్నంలో మరమేకు బిగించి, ఒకదాని అంచు ఇంకోదాని మీదికి వచ్చేట్టు కుట్టుకుంటూ పోతాడు.

బానెట్ కొసన బొమ్మ చూసి, “పొట్టేలును కోసినంక కుట్టుమంటె ఎట్ల భాయ్?” అన్నాడు. పాషా చాచా, “కుట్టు, బిర్యానీకి పిలుస్తం” అన్నాడు. తర్వాత మొయిజ్ పగులు చూశాడు. ఇక జోకులు వెయ్యలేదు.

“గోడ మీద కుడ్త. వాల్వు అంచు కాడ నాతోని కాదు. ఆడ ఇనుము కాగితమంత ఉన్నది, బర్మాతోని కన్నం పెడితె రాలుతది.”

“మరి?” అన్నాడు ఐలేష్.

“ఆడిదాంక కుట్టి ఇడుస్త. నా మీద భరోసా మాత్రం పెట్టుకోకు. అల్లా మీద పెట్టుకో.”

“అరవై కిలోమీటర్లు పోతె సాలు. పోవుడే. రాకపోయినా మంచిదే.”

ఆ మాటకు మొయిజ్ అతని భుజం తట్టి పని మొదలుపెట్టాడు. గురువారం సాయంత్రం దాకా, శుక్రవారం నమాజుకు వెళ్లొచ్చి మళ్లీ సాయంత్రం దాకా కుట్టాడు. పంతొమ్మిది మేకులు. నేను పక్కన కూర్చొని ఒక్కో మేకుకు నూనె రాసి ఇచ్చాను. మేకుల తలలు తెంపి, అరగదీశాక ఆ కుట్టు ఎంత అందంగా ఉందంటే, చీర అంచుకు ముత్యాల వరస వేసినట్టుంది. ఐలేష్‌కు చూపించాను. వేలితో నిమిరాడు. పగులు గీతకు ఆ కొసన, మేకులు లేని చోట మాత్రం వేలు పెట్టలేదు.

శుక్రవారం రాత్రి మొదటిసారి మా ఇద్దరికీ మళ్లీ మాటలు కుదిరాయి. ఆదివారం ఏ చొక్కా వేసుకోవాలి, మైదానంలో బండి పక్కన నిలబడాలా, లోపల కూర్చోవాలా. నీలం చొక్కా వేసుకోమన్నాను. బండి కూడా నీలమే. “ఇద్దరం కలిసిపోతం, నేను కనపడ” అన్నాడు. అదే మంచిదన్నాను.

శనివారం పొద్దుటి నుంచి అన్నీ బిగించారు. పాషా చాచా కళ్లతో కాదు, వేళ్లతో చూసుకుంటూ బిగించాడు. మధ్యాహ్నం మూడు దాటాక నీళ్లు పోశారు. ఈసారి కాచి చల్లార్చిన నీళ్లు. బిందె నేనే తెచ్చాను, కానీ ఐలేష్ అందుకొని తానే పోశాడు. అందుకున్నప్పుడు నా వేళ్ల మీద అతని వేళ్లు ఒక క్షణం ఎక్కువే ఆగాయి.

ఇంజిన్ బద్ధకంగా మూలిగింది. రెండోసారికి అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. ఆరు సిలిండర్లూ కొట్టుకుంటున్నాయి. ఒక్కటి కూడా తప్పడం లేదు. అత్తమ్మ గుమ్మంలోంచి చేతులు జోడించింది. చాచా స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకొని ఒక్కొక్క సిలిండర్ దగ్గరే ఆగుతూ వెనక్కి పోయాడు. ఆరోదాని దగ్గర చాలాసేపు ఆగాడు. తల పైకెత్తాడు.

“దమ్ము తీస్తున్నది.”

నాకు ఏడుపు, నవ్వు కలిసొచ్చాయి. ఒక నిమిషం. రెండు. ఐలేష్ డ్రైవర్ సీటులో కూర్చొని రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నాడు, రోడ్డు మీద ఉన్నట్టే. నేను ఇటు తలుపు తీసుకొని పక్కన కూర్చున్నాను. సీటు వణుకు వీపులోకి ఎక్కుతుంటే ఆ క్షణం నాకు ఎంత బాగుందో చెప్పలేను. మూడు నిమిషాలు.

నాలుగో నిమిషంలో చాచా బండి వెనక్కి నడిచాడు. జేబులోంచి తెల్లటి రుమాలు తీసి, పొగగొట్టం మూతికి అడ్డం పెట్టాడు. కాసేపు అలాగే పట్టుకున్నాడు. రుమాలు తీసి పిండాడు. నీళ్లు కారాయి.

అప్పుడే ఇంజిన్ ఒంటికాలి గెంతు మొదలుపెట్టింది. వెనక తెల్లటి ఆవిరి షెడ్డంతా నిండింది. ఆవిరిలోంచి చాచా గొంతు వినిపించింది.

“బందు చెయ్యి బిడ్డా. అంచు కాడ తెరుసుకున్నది.”

ఐలేష్ వెంటనే ఆపలేదు. ఇంకో అర నిమిషం చేతులు స్టీరింగ్ మీదే ఉంచాడు. తర్వాత తాళం తిప్పాడు.

“మల్ల విప్పి చూద్దమా చాచా?” అన్నాను. “పొద్దు ఇంక ఉన్నది.”

“చూసేతందుకు ఏం లేదు బేటీ. ఇనుము లేని కాడ ఏం కుడ్తరు?”

ఐలేష్ చేతులు కడుక్కొని, తన ఫోన్ తానే తీసుకున్నాడు. క్లబ్ సెక్రటరీకి కలిపాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన మంచివాడే. చాలా బాధపడ్డాడు. లారీ మీద తీసుకొస్తే చూస్తారా అని ఐలేష్ అడగలేదు, జవాబు ముందే తెలుసు. వరుసలో తర్వాత ఉన్నవాళ్లకు ఇప్పుడే చెప్తామని, ఇంజిన్ బాగయ్యాక ఎప్పుడైనా మళ్లీ రాయమని ఆయన అన్నాడు. “సరే సార్. బాగైతె రాస్త” అన్నాడు ఐలేష్. ఫోన్ పెట్టేసి నా చేతికిచ్చాడు.

“బావా,” అన్నాను.

“నువ్వు పొయ్యకున్నా పోయేది,” అన్నాడు.

“ఆదివారం దాంక ఆగేదంట.”

“అవ్,” అన్నాడు. “ఆగేది.”

అత్తమ్మ లోపల్నుంచి జామకాయలు కోసి, ఉప్పు కారం చల్లి పళ్లెంలో తెచ్చింది. నలుగురం బండి పక్కన కింద కూర్చొని తిన్నాం. జామకాయ కరకరలాడింది. ఐలేష్ గింజలున్న నడుమ ముక్క నాకిచ్చాడు, నాకదే ఇష్టమని ఎప్పుడు చూశాడో.

“డీజిల్‌ది పెడ్తవా?” అన్నాడు చాచా కొంచెం సేపయ్యాక. “జీపుది ఒకటి ఉన్నది నా ఎరుకల. నడుస్తది. పెండ్లిళ్లకు, ఊరేగింపులకు తిప్పొచ్చు.”

“వద్దు.”

“మరి ఊకె నిలబెడ్తవా? నీళ్లు తాగిన ఇంజిన్, నెల రోజుల్ల పట్టేస్తది. మొత్తం గట్టిగైతది.”

ఐలేష్ ఇంజిన్ వైపు చూడలేదు. పళ్లెంలో మిగిలిన ఉప్పు కారాన్ని వేలితో ఒక పక్కకు తోశాడు.

“దించుదం చాచా.”

“దించి?”

“దించి బయట పెడుదం. విప్పి, తుడిచి, నూనె పెడుదం. ఆడిదాంకనే నాకు ఎరుక.”

చాచా తల పంకించాడు. మోకాళ్ల మీద చేతులానించి లేచి, రుమాలు ఇంకోసారి పిండుకొని జేబులో పెట్టుకున్నాడు.

“చైను, కప్పీ నా కాడ ఉన్నయ్, తెస్త,” అన్నాడు. “రేపు పొద్దుగాల్ల ఎనిమిదింటికి షురూ చేద్దం. బేటీ, నువ్వు పాత చీర కట్టుకో, నీకు గూడ పని ఉంటది. పన్నెండు కొట్టేలోపు ఇంజిన్ బయటికొస్తది.”